తాగుడు మానిన యువకుడు - మొటిమల బాధ

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము పొరుగుననున్న మన చిత్తూరు సీమకును వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. దుకాణమును మూయించుట ఎట్లో నాడు మన పల్లెలు నేర్చుకొన్నవి. ఐతే తాగుడు మానిన మనిషిని నిలబెట్టుకొనుట అంతకంటె ఓర్పు కోరు పని. అందులో పలువురు గమనింపని చిన్న విషయమొకటి కలదు. దానిని గూర్చియే మేమీ పాఠమున వివరించుచున్నాము.

పలమనేరు వైపున ఒక యువకుడు తాగుట మాని మూడు నెలలైనదనుకొందము. చెరకు తోటలో కూలికి పోవుచున్నాడు. ముఖముపైనను వీపుపైనను చీముపట్టిన మొటిమలు మాత్రము తగ్గుటలేదు. రచ్చబండ కడ ఎవరో, "ఏంరా అబ్బోడా, మానేసినానంటివే, మొగం చూస్తే అట్ల లేదే!" అని నవ్వుదురు. అంతటితో అతడు నలుగురిలోనికి వచ్చుట మానును. ఒంటరితనము పాత స్నేహితుల కడకును, వారు సీసా కడకును దారి తీయుదురు. మొటిమ చిన్నదే, దాని వెనుకనున్న ప్రమాదము చిన్నది కాదు.

మొటిమలు ఎందుకు వచ్చును?

చర్మములోని గ్రంథులు నూనెను ఎక్కువగా స్రవించినపుడు అది మృతకణములతో కలిసి రంధ్రములను మూసివేయును. అచ్చట సూక్ష్మజీవులు పెరిగి వాపును, చీమును కలిగించును. యౌవనమునందలి హార్మోనుల మార్పులు, వంశలక్షణము ఇందుకు ముఖ్య కారణములు. ఇది మురికివలన వచ్చునది కాదు, అంటువ్యాధియు కాదు. తాగుడుకు సాక్ష్యము అంతకంటె కాదు. మద్యము ఎన్నడును ముట్టనివారికిని మొటిమలు వచ్చును. మద్యము మానినంతమాత్రమున అవి పోవు.

నిద్రలేమి, మనోవేదన కొందరిలో వీనిని హెచ్చించును. తాగుడు మానిన తొలి దినములలో ఈ రెండును సాధారణమే. తీపిపై కోరికయు కలుగుచుండును. మిఠాయిలు, శీతల పానీయములు మితిమీరినచో కొందరికి మొటిమలు పెరుగవచ్చును. రాగిసంగటి, పప్పు, ఆకుకూరలు చాలును. ఖరీదైన ఆహారము కొననక్కరలేదు.

తక్కువ ఖర్చుతో చికిత్స

దినమునకు రెండుసార్లు మృదువైన సబ్బుతో చేతితోనే కడుగవలెను. పీచుతో రుద్దరాదు. గిల్లినచో మచ్చ నిలుచును. తలనూనె నుదుటిపైకి కారనీయరాదు. సున్నము, నిమ్మరసము, పండ్లపొడి పూయుట హానికరము.

2.5 శాతపు బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ తరచుగా వాడబడు మందు. జెనరిక్ మందు అడిగినచో ఖర్చు తగ్గును. మొటిమలు వచ్చు చోటంతట రాత్రిపూట పలుచగా పూయవలెను. మొదట దినము విడిచి దినము చాలును. కొంత పొడిబారుట సహజము. బట్టకు అంటినచో రంగు పోవును గనుక పాత తువ్వాలు వాడుట మేలు. ఫలితము కనబడుటకు 8 నుండి 12 వారములు పట్టును. వారము చూచి విడిచిపెట్టుటయే పెక్కుమంది చేయు పొరపాటు.

ముఖము తెల్లబడునని అమ్ము కొన్ని క్రీములలో స్టెరాయిడ్ మందులుండును. అవి మొదట నునుపు చూపి, పిమ్మట చర్మమును పలుచబరచి మొటిమలను పెంచును. 2018లో కేంద్ర ప్రభుత్వము పలు స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని నిర్దేశించినది.

మానినవారికి ప్రత్యేక జాగ్రత్తలు

తాగుడు మాన్పుటకు ఇచ్చు డైసల్ఫిరామ్ మాత్రవలన కొందరికి మొటిమలవంటి పొక్కులు రావచ్చును. ఐనను దానిని తమంత తాము నిలుపరాదు, వైద్యునికి తెలుపవలెను. ఆ మాత్ర వాడువారు మద్యసారము కలిసిన గడ్డపు లోషనులు, టానిక్కులు వాడినచో తీవ్రమైన వికారము, గుండెదడ కలుగవచ్చును. మొండి మొటిమలకు వైద్యులిచ్చు ఐసోట్రెటినోయిన్ కాలేయమునకు సంబంధించిన రక్తపరీక్షలు లేక వాడదగదు. తాగుడువలన కాలేయము దెబ్బతిన్నవారికి ఈ హెచ్చరిక మరింత ముఖ్యము. గర్భిణులు దానిని ఎంతమాత్రము వాడరాదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

మొండి మొటిమలున్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, అవసరమైనచో తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రి చర్మవ్యాధుల విభాగమునకును పంపుడు. మనసు కుంగినవారికి 14416 టెలిమానస్ ఉచిత ఫోను రేయింబవళ్ళు పనిచేయును. చాలకాలముగా తాగువాడు ఒక్కసారిగా మానినపుడు వణుకు, మూర్ఛ, మతిభ్రమ కనబడినచో అది ప్రాణాపాయము; వెంటనే 108 వాహనమును పిలువవలెను.

వీటన్నిటికంటె ముందు, రచ్చబండ కడ లేచు ఆ నవ్వును ఆపుడు. మానినవాని ముఖమును పరీక్షించుట మన పని కాదు. "బాగుండావా అబ్బోడా, రా, కూర్చో" అని పిలుచుటయే మన పని. దానికి పైసా ఖర్చు లేదు.