ఒకే ప్రింటరు... అందరికీ ఎలా?

హాస్టల్‌కు ప్రింటరు వచ్చిందంటే అందరికీ వచ్చినట్టే అనుకుంటాం. నిజానికి అది ఒక కంప్యూటరుకు మాత్రమే వస్తుంది. ఆ కంప్యూటరు ఒక గదిలో ఉంటుంది. ఆ గదికి తాళం ఉంటుంది. తాళంచెవి ఉన్నవారు ఊళ్ళో లేని రోజే మనకు హాల్ టికెట్ కావాలి, స్కాలర్‌షిప్ ఫారం కావాలి. అప్పుడు నెట్ సెంటరుకు పరుగెత్తి పేజీకి ఇంత అని ఇచ్చుకోవాలి. పెన్‌డ్రైవ్ అక్కడి కంప్యూటరుకు పెట్టి వైరస్ తెచ్చుకోవడం దానికి అదనం.

మిత్రులారా! ఈ ఇబ్బందికి కొత్త ప్రింటరు అక్కరలేదు. ఉన్న ప్రింటరునే వైర్‌లెస్‌గా అందరికీ అందించే పద్ధతి ఉంది. దానికి కావలసింది ఏ.టి.ఎం. కార్డు అంత కంప్యూటరు ఒకటి, ఒక వైఫై రౌటరు. రౌటరుకు ఇంటర్నెట్ ఉండనక్కరలేదు. రీచార్జి అయిపోయినా ప్రింటు వస్తుంది. మొదట పెట్టుకునే రోజున, ప్రోగ్రాములు దింపుకోవడానికి మాత్రం నెట్ కావాలి.

ముందుగా యు.ఎస్.బి. గురించి నాలుగు మాటలు. దీని మొదటి ప్రమాణం 1996లో వచ్చింది. బరోడాలో చదువుకుని ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్ దీని రూపకర్తల్లో ముఖ్యులు. అంతకు ముందు మౌసుకు ఒక రకం పిన్ను, ప్రింటరుకు ఇంకో రకం పిన్ను ఉండేవి. యు.ఎస్.బి. వాటన్నిటినీ ఒకటి చేసింది. అయితే దీనికి ఒక కట్టుబాటు ఉంది. పరికరాలు ఎన్ని ఉన్నా యజమాని కంప్యూటరు ఒక్కటే. యజమాని అడిగితేనే పరికరం పలుకుతుంది. వైరు కూడా మామూలుగా 5 మీటర్లు దాటకూడదు. అందుకే మన ప్రింటరు ఆ గదికి కట్టుబడి ఉంది.

ఇక చిన్న కంప్యూటరు. రాస్ప్‌బెర్రీ పై అనే ఈ బోర్డు 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. పిల్లలకు ప్రోగ్రామింగ్ అలవాటు కావాలన్నది దాన్ని చేసినవారి ఉద్దేశం. 2016లో వచ్చిన మూడో తరం బోర్డులో మొదటిసారి వైఫై లోపలే అమర్చారు. 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యూ విడుదల ధర 15 డాలర్లు. మన పనికి ఇవి చాలు. జీరో రకానికి మాత్రం చిన్న యు.ఎస్.బి. రంధ్రమే ఉంటుంది కాబట్టి ఓ.టి.జి. వైరు ఒకటి కొనాలి. ఎవరైనా సీనియర్ ప్రాజెక్టు కోసం కొని పక్కన పడేసిన పాత బోర్డు దొరికితే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పరికరాన్ని పంచుకోవడానికి రెండు దారులున్నాయి. వీటి తేడా తెలియకనే చాలామంది చేతులు కాల్చుకుంటారు.

మన మెస్‌నే తీసుకోండి. పొయ్యి ఒకటే. వంటమనిషి మనం అడిగింది అదే పొయ్యి మీద వరుసగా వండి పెడతాడు. వందమంది తింటారు. ఇది మొదటి దారి. రెండోది, ఆ పొయ్యినే ఎత్తుకుని మన గదికి తెచ్చుకోవడం. వండుకున్నంతసేపు అది మనదే, ఇంకెవరికీ దొరకదు. మొదటి దారిలో పనిని పంచుకుంటాం, రెండో దారిలో వస్తువును చేతులు మారుస్తాం.

మొదటి దారికి ప్రింటర్ల విషయంలో ‘కప్స్’ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ప్రింటరు వైరును పై బోర్డుకు పెడతాం. బోర్డులో ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ కప్స్’ అని కొడతాం. (కమాండ్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను.) మన యూజర్‌ను ‘ఎల్‌పిఅడ్మిన్’ అనే గుంపులో చేర్చి, ఆ బోర్డులోనే బ్రౌజరు తెరిచి ‘లోకల్‌హోస్ట్’ పక్కన కోలన్ పెట్టి 631 అని కొడితే కప్స్ పేజీ వస్తుంది. అక్కడ ప్రింటరును చేర్చి ‘షేర్’ అన్న గడిలో టిక్ పెట్టాలి. చివరగా ‘కప్స్‌సిటిఎల్’ కమాండ్‌కు రెండు హైఫన్లతో ‘షేర్-ప్రింటర్స్’ తగిలించాలి. అంతే. అదే వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌లకు, ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఆ ప్రింటరు దానంతటదే కనిపిస్తుంది. పదిమంది ఒకేసారి నొక్కినా వరుసలో ఒకరి తరువాత ఒకరిది వస్తుంది. హాల్ టికెట్ల వారంలో ఈ వరుసే మనల్ని కాపాడేది.

ఇక్కడే చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. అది డ్రైవర్. పై బోర్డులో ఉన్నది ఆర్మ్ రకం ప్రాసెసర్. మన పల్లెటూళ్ళ నెట్ సెంటర్లలో కనిపించే కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు కంపెనీ ఇచ్చిన లినక్స్ డ్రైవర్ ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే పనిచేస్తుంది. కొన్నిటికి లినక్స్ డ్రైవరే లేదు. అందుకని బోర్డు కొనే ముందే మీ ప్రింటరు మోడల్ నంబరు చూసుకుని, ఆర్మ్ లినక్స్‌లో అది నడుస్తుందో లేదో విచారించండి. డబ్బు పెట్టాక తెలుసుకుని లాభం లేదు.

నడవకపోతే రెండో దారి ఉంది. దాని పేరు యు.ఎస్.బి. ఐ.పి. జపాన్‌లోని నారా విజ్ఞాన సాంకేతిక సంస్థలో చదివిన తకహిరో హిరోఫుచి మొదలుపెట్టిన పని ఇది. 2014 నుంచి లినక్స్ కెర్నెల్‌లో పూర్తి స్థాయి భాగమైంది. వైరులో యజమానికీ పరికరానికీ మధ్య నడిచే మాటలను ఇది నెట్‌వర్క్ పొట్లాలుగా కట్టి పంపుతుంది. అవతలి కంప్యూటరు ఆ పరికరం తనకే గుచ్చి ఉందని నమ్ముతుంది. డ్రైవర్ కూడా ఆ కంప్యూటరులోనే ఉంటుంది కాబట్టి పై బోర్డులో డ్రైవర్ లేకపోయినా ఫరవాలేదు.

బోర్డులో ‘మాడ్‌ప్రోబ్’తో ‘యుఎస్‌బిఐపి-హోస్ట్’ ఎక్కించి, ‘యుఎస్‌బిఐపిడి’ని నడపాలి. ‘యుఎస్‌బిఐపి లిస్ట్’ కమాండ్ 1-1.3 లాంటి ఒక నంబరు చూపిస్తుంది. ఆ నంబరును ‘బైండ్’ చేయాలి. అవతలి లినక్స్ కంప్యూటరులో ‘విహెచ్‌సిఐ-హెచ్‌సిడి’ ఎక్కించి ‘అటాచ్’ అనాలి. పని అయ్యాక ‘డిటాచ్’ అనడం మరిచిపోవద్దు. మరిస్తే పొయ్యి మీ గదిలోనే ఉండిపోయినట్టు. విండోస్‌కైతే వేరే క్లయింట్ ప్రోగ్రాం పెట్టుకోవాలి. స్కానర్‌కు, డ్రైవర్ దొరకని ప్రింటరుకు ఇది పనికొస్తుంది. వెబ్‌క్యామ్‌కు మాత్రం వద్దంటాను. వైఫైలో వచ్చే చిన్న చిన్న ఆలస్యాలకే బొమ్మ తెగిపోతుంది.

పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్‌ల సంగతి వేరు. పాత ప్రశ్నపత్రాలు, నోట్సులు ఒక డిస్క్‌లో పెట్టి అందరూ చదువుకోవాలంటే ‘సాంబా’ అనే ప్రోగ్రాం సరైనది. చదవడానికి మాత్రమే అనుమతి ఇస్తే ఎవరూ పొరపాటున కూడా చెరపలేరు.

కరెంటు గురించి చెప్పకపోతే ఈ పాఠం సగమే. మూడో తరం బోర్డుకు 5 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లు, నాలుగో తరానికి 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలి. చేతికి దొరికిన ఫోన్ ఛార్జరు పెడితే తెరమీద మెరుపు గుర్తు కనిపిస్తుంది, బోర్డు మధ్యలో ఆగిపోతుంది. ఈ రెండు బోర్డుల్లోనూ యు.ఎస్.బి. రంధ్రాలన్నీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. హార్డ్‌డిస్క్ పెట్టేటట్టయితే సొంత కరెంటు ఉన్న హబ్ కొనండి. కరెంటు పోయినప్పుడల్లా మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి అంతా సరిగ్గా నడిచిన రోజునే ఆ కార్డుకు ఒక నకలు తీసి బీరువాలో పెట్టండి. ఆ పని నేను చేయలేదు. ఒక ఆదివారమంతా మళ్ళీ మొదటి నుంచి కూర్చోవలసి వచ్చింది.

చివరగా, మన కాగితాల సంగతి. మనం ప్రింటు తీసేవి ఆధార్, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు పాస్‌బుక్. కప్స్ మామూలుగా ప్రింటయిన ఫైలును ఒక రోజు పాటు తన దగ్గరే ఉంచుకుంటుంది. బోర్డు పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు దాన్ని తెరవగలరు. ‘కప్స్‌డి డాట్ కాన్ఫ్’ ఫైలులో ‘ప్రిజర్వ్‌జాబ్‌ఫైల్స్ నో’ అన్న వరుస చేర్చి కప్స్‌ను మళ్ళీ నడిపితే ప్రింటు కాగానే ఫైలు పోతుంది. ఇది పెట్టకుండా ప్రింటరును ఎవరికీ ఇవ్వకండి.

యు.ఎస్.బి. ఐ.పి.కి పాస్‌వర్డ్ లేదు, దానంతట అది రహస్య లిపి వాడదు. అదే వైఫైలో ఉన్న ఎవరైనా పరికరాన్ని లాక్కోవచ్చు. అది వాడే పోర్టు 3240. రౌటరులో ఆ పోర్టును బయటి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకూడదు. వేలిముద్ర యంత్రాన్ని ఈ పద్ధతిలో పెడితే పని తేలికవుతుందని ఒక తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. మన వేలిముద్ర పాస్‌వర్డ్‌లాగా మార్చుకునేది కాదు.

వైఫై పాస్‌వర్డ్ హాస్టల్ వాళ్ళందరికీ తెలియవచ్చు. బోర్డు పాస్‌వర్డ్ మాత్రం వార్డెన్ గారి దగ్గర, ఇద్దరు విద్యార్థుల దగ్గర ఉంటే చాలు. ఆ ఇద్దరిలో ఒకరు కింది తరగతి వారై ఉండాలి. ఇద్దరూ చివరి సంవత్సరం వాళ్ళే అయితే, వాళ్ళు టి.సి. తీసుకుని వెళ్ళిన నాటినుంచి ప్రింటరు మళ్ళీ తాళం వేసిన గదిలోకే పోతుంది.