అంగారకయానం – నీటి లెక్క

2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్ దాదాపు 300 దినాలు పయనించి అంగారకుని కక్ష్యను చేరింది. ఇంధనంతో సహా దాని బరువు 1337 కిలోలు. దానికి దాహం లేదు; తిరిగి రావలసిన పనీ లేదు. మానవుని విషయం అట్లు కాదు. వెళ్ళి, అక్కడ నిలిచి, తిరిగి రావడానికి సుమారు 900 దినాలు పట్టగలదు. దినానికి 3 లీటర్ల వంతున ఒక్కరికి 2700 లీటర్ల త్రాగునీరు కావాలి. అనగా రెండు మంగళయాన్‌ల బరువు! వంట, స్నానం మాట వేరు.

బిందె నీటికై మైళ్ళు నడచిన కర్నూలు, కడప పల్లెవాసులకు ఈ లెక్క వివరించనక్కరలేదు. అయినను వానలు ముఖం చాటేసిన ఏట సీమ రైతు సుంకేసుల నుండి వచ్చే కె.సి. కాలువ వైపు చూడగలడు. వ్యోమగామికి ఏ కాలువా లేదు. వాడిన నీటినే అతడు మరల వాడుకోవాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రాన్ని, చెమటను, శ్వాసలోని తేమను సైతం శుద్ధిచేసి 98 శాతం నీటిని తిరిగి పొందగలిగినట్లు 2023లో వెల్లడైంది. అక్కడ యంత్రం చెడితే భూమి నుండి విడిభాగాలు పంపవచ్చు. అంగారక మార్గంలో ఆ వీలు లేదు. సహాయం కోరే సందేశం భూమిని చేరడానికే ఒక్కొక్కప్పుడు 20 నిమిషాలు దాటుతుంది.

అంగారకుని నేలలో మంచు ఉన్నమాట నిజమే. కాని అక్కడి మట్టిలో హానికరమైన పెర్క్లోరేట్ లవణాలున్నట్లు 2008లో ఫీనిక్స్ నౌక కనుగొన్నది. మంచును త్రవ్వి, కరిగించి, ఆ లవణాలను తొలగించిన పిమ్మటనే గుక్కెడు నీరు దక్కుతుంది.