1,035 రూపాయల ప్రశ్న

చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపితే తప్పు, తప్పు చేసిన మనిషి, జరిమానా మూడూ ఒకేచోట ఉంటాయి. వేగం చలానా అలా రాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద లేజర్ గన్ మంగళవారం ఫొటో కొడుతుంది. మెసేజ్ మాత్రం మరెప్పుడో, మీరు ఆఫీసు మీటింగులోనో పెళ్లి భోజనాల బంతిలోనో ఉండగా వస్తుంది. ఆ మంగళవారం అంత తొందర దేనికో మీకే గుర్తుండదు. గుర్తులేనిచోట మనసు ఖాళీగా ఉండదు, తనకు అనుకూలమైన కథ ఒకటి అల్లేసుకుంటుంది. అందుకే చలానా చూసిన మొదటి పది నిమిషాల్లో ఒక మనిషి అనే మాటలు వింటే చాలు, అతని గురించి చాలా తెలిసిపోతుంది.

"అక్కడ బోర్డే లేదు." "నా ముందు పోయిన ఇన్నోవా ఇంకా స్పీడు, వాణ్ణెందుకు కొట్టలేదు?" "ఖజానా నింపుకోడానికే ఇదంతా." "మా బావమరిది క్లాస్‌మేట్ ఎస్సై, ఒక్క ఫోన్ కొడితే పోతుంది." ఈ మాటల్లో ఒకటో రెండో నిజమే కావచ్చు. విచిత్రమేమిటంటే ఇవన్నీ చలానా తెరిచి ఫొటో చూడకముందే నోటికి వచ్చేస్తాయి. లీ రాస్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో దీనికి దగ్గరి జబ్బునే వర్ణించాడు. ఎదుటివాడు చేసిన పనికి అతని గుణాన్ని కారణంగా చూస్తాం, అతని పరిస్థితిని లెక్కలోకి తీసుకోం. రోడ్డు మీద ఇది రోజూ కనిపిస్తుంది. మనల్ని దాటి దూసుకుపోయినవాడికి పొగరు. మనం దూసుకుపోతే ఫ్లైట్ టైమైంది.

చలానా చేతికొచ్చినప్పుడు తేల్చుకోవలసినవి రెండు. ఈ నోటీసు సరైనదేనా? నేను నిజంగా ఆ వేగంతో వెళ్లానా? మొదటిదానికి కాగితాలు జవాబు చెబుతాయి, రెండోది మీరే చెప్పుకోవాలి. చాలామంది ఈ రెంటినీ కలగాపులగం చేస్తారు. వేగంగా వెళ్లానని లోపల తెలిసినవాడు నోటీసులో లొసుగు వెతుకుతాడు. అసలు ఆ రోడ్డెక్కనివాడు భయంతోనో బద్ధకంతోనో డబ్బు కట్టేస్తాడు. ఇద్దరూ తప్పించుకుంటున్నవాళ్లే.

మొదటి ప్రశ్నకు పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు, తొందరపడకుండా ఉంటే చాలు. మెసేజ్‌లో ఉన్న లింకును నొక్కకండి. వాట్సాప్‌లో చలానా పేరుతో ఏపీకే ఫైల్ వచ్చిందంటే అది మోసమే. దాన్ని ఫోన్లోకి ఎక్కించుకుంటే బ్యాంకు ఓటీపీలు దొంగల చేతికి పోతాయి. రాష్ట్ర పోలీసుల ఈ-చలానా వెబ్‌సైట్‌నో కేంద్ర రవాణా శాఖ పరివాహన్‌నో మీరే తెరిచి, బండి నంబరు కొట్టి చూసుకోండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఈ మోసాలు ఎందుకు పారుతున్నాయో ఒక్కసారి ఆలోచించండి. చలానా అనే మాట వినగానే మన బుర్ర ఒక్క క్షణం ఆగిపోతుందని దొంగకు తెలుసు.

తర్వాత ఫొటో చూడాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ అనే నిబంధన ఉంది. కెమెరా ఉన్న దారికి ముందు హెచ్చరిక బోర్డు కనిపించేలా పెట్టాలని, పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలని, నోటీసులో నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం చూపిన కొలత, తేదీ, సమయం, చోటు ఉండాలని, తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలని అది చెప్పింది. కెమెరాకు అడ్డం తిరిగి వాదించడానికి ఇవి పనికొస్తాయని చెప్పడం లేదు. బోర్డు లేదని టీ కొట్టు దగ్గర అరవడానికి బదులు, ఉందో లేదో చూసి రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుందని చెబుతున్నాను.

ఫొటోలో బండి మీది కాకపోవచ్చు. నంబరును యంత్రం తప్పుగా చదివి ఉండొచ్చు, ఎవడో మీ నంబరే తగిలించుకు తిరుగుతూ ఉండొచ్చు. మనవైపు ఇంకా ఎక్కువగా జరిగేది మరొకటి. అయిదేళ్ల కిందట అమ్మేసిన స్ప్లెండర్ మీద చలానా పడుతుంది. తెలిసినవాడే కదా అని తాళాలు, ఆర్‌సీ చేతిలో పెట్టి డబ్బు తీసుకుని మరిచిపోయి ఉంటారు. చట్ట ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లోగా ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29, 30 ఉన్నది అందుకే. మొహమాటానికి వదిలేసిన రెండు సంతకాలు వేగం చలానాగా తిరిగొస్తాయి. రేపు ప్రమాదం జరిగితే కోర్టు సమనుగానూ రావచ్చు.

ఇలాంటప్పుడు "పోనీలే, వెయ్యి రూపాయలకు ఎందుకు గొడవ" అని కట్టేసేవాళ్లను మనం నెమ్మదస్తులంటాం. నేనలా అనుకోను. చెయ్యని తప్పు ఒప్పుకోవడం ఒకసారి అలవాటైతే ఆఫీసులో ఇంకొకరి పొరపాటుకు తల వంచడమూ సులువైపోతుంది. ఫిర్యాదు రాయండి, బండి ఆరోజు ఎక్కడుందో ఆధారం జతచెయ్యండి, మర్యాద తప్పకుండా అడగండి. గొంతు పెంచకుండా కాదని చెప్పగలగడం నేర్చుకోవడానికి ఇంతకన్నా తక్కువ ప్రమాదమున్న చోటు దొరకదు.

ఇక ఫొటోలో ఉన్నది మీ బండే, స్టీరింగ్ పట్టుకున్నది మీరే అనుకుందాం. తెలంగాణలో కారు వేగానికి సాధారణంగా పడే చలానా 1,000 రూపాయలు, పైన 35 రూపాయలు యూజర్ ఛార్జీ. కట్టేయాలి. ఇక్కడ వాదన ఏమీ లేదు. కానీ ఎంతోమంది కట్టరు, డిస్కౌంట్ కోసం కాచుకుంటారు. వాళ్ల ఆశకు ఆధారమూ ఉంది. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాల మీద భారీ రాయితీ ఇచ్చారు, ద్విచక్ర వాహనాలకు నాలుగో వంతు కడితే సరిపోయింది. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు, ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం. ఎప్పటికప్పుడు పూర్తిగా కట్టినవాడు వెర్రివాడయ్యాడు. ప్రభుత్వం చేసిన పని నాకు నచ్చలేదు. అయినా ప్రభుత్వం బేరానికి దిగితే మన నడతను కూడా తగ్గింపు ధరకు పెట్టాలా?

ధర అనే మాట ఊరికే వాడలేదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉరి గ్నీజీ, ఆల్డో రుస్తిచీని అనే ఆర్థికవేత్తలు పది శిశు సంరక్షణ కేంద్రాలను పరిశీలించి 2000లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో పది షెకెళ్ల జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాలి కదా? దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు టీచరు తమకోసం ఎదురుచూస్తోందన్న సిగ్గుతో పరుగెత్తుకొచ్చేవాళ్లు. జరిమానా పెట్టాక డబ్బు కట్టాం కదా అని తాపీగా రావడం మొదలుపెట్టారు. జరిమానా ఎత్తేశాక కూడా పాత సిగ్గు తిరిగి రాలేదు.

హైఫా సంగతి చదివినప్పుడల్లా నాకు మన ఔటర్ గుర్తొస్తుంది. "నెలకు రెండు చలానాలు పడతాయి, పెట్రోలు ఖర్చులో వేసుకుంటా" అని నవ్వుతూ చెప్పేవాళ్లు ఉన్నారు. చలానాలు కడతారు కాబట్టి చట్టాన్ని గౌరవిస్తున్నామనే అనుకుంటారు. నంబరు ప్లేటు వంచుకుని తిరిగే కుర్రాడికీ వీళ్లకూ తేడా జేబు బరువు మాత్రమే. కెమెరా దగ్గర బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేవాళ్లదీ ఇదే బడి.

ఔటర్ మీద గరిష్ఠ వేగాన్ని 2023లో గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెంచారు. 120తో పోతే పాతిక కిలోమీటర్లకు పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. 140తో పోతే మిగిలేది రెండు నిమిషాలకన్నా తక్కువ. వేగం పెరిగింది ఆరో వంతే, ఢీకొట్టే శక్తి మాత్రం మూడో వంతుకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో 71 శాతం అతివేగం ఖాతాలోవి. చలానా కట్టాక కాసేపు ఈ అంకెల ముందు కూర్చుంటే "వెయ్యి పోయింది" అన్న బాధ మారుతుంది. తొందర ఎక్కడ పుట్టిందో వెతకాలనిపిస్తుంది. నూటికి తొంభైసార్లు అది రోడ్డు మీద పుట్టదు. ఇంట్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, ఇంకో ఫోన్ మాట్లాడేసి బయల్దేరదాంలే అనుకున్నప్పుడే పుడుతుంది. అక్కడ పదిహేను నిమిషాలు సర్దుకోగలిగితే ఆ దారిలో కెమెరా ఉన్నా లేనట్టే.

ఇంట్లో ఒకే కారు ఉండి అది తండ్రి పేరు మీద ఉంటే మెసేజ్ ఆయన ఫోన్‌కే వస్తుంది. "ఏరా, నూట నలభై మీద పోయావా?" "అందరూ అలాగే పోతారు నాన్నా." ఆ తర్వాత ఇల్లు దద్దరిల్లుతుంది, లేకపోతే తల్లి తన దగ్గర దాచుకున్న డబ్బులోంచి గుట్టుగా కట్టేస్తుంది. రెండూ కుర్రాడికి ఏమీ నేర్పవు. వాడికి జీతం వస్తుంటే వాడి ఖాతా నుంచే, వాడి చేతే కట్టించాలి. ఇంకా చదువుకుంటూ ఉంటే ఆ నెల కారు తాళాలు ఇవ్వకపోతే సరి. ఉపన్యాసం అక్కర్లేదు.

అన్నిటికన్నా చేదైన చలానా డ్రైవరు నడిపే కారుకు పడేది. వెనక సీట్లో సార్ ఫోన్లో మాట్లాడుతూనే "కొంచెం తొందరగా పోనీ, ఫ్లైట్ పోతుంది" అంటారు. డ్రైవరు తొక్కుతాడు. చలానా వచ్చిన నెల అతని జీతంలో 1,035 కోత పడుతుంది, పైగా "చూసుకుని నడపొద్దూ?" అని చీవాట్లు. ఇలా చేసేవాళ్లలో దానధర్మాలు చేసేవాళ్లు, పిల్లలకు నీతులు చెప్పేవాళ్లు కూడా ఉంటారు. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ఈ విషయంలో మనకన్నా స్పష్టంగా ఉంది. పరిమితి దాటి నడిపినవాడితో పాటు, తన దగ్గర పనిచేసే మనిషి చేత అలా నడిపించినవాడు కూడా శిక్షార్హుడే. మీ డ్రైవరు జీతంలో అలాంటి కోత ఎప్పుడైనా పెట్టి ఉంటే, ఈ నెల జీతంతో కలిపి ఆ డబ్బు తిరిగి ఇచ్చెయ్యండి.