పసుపుకు పాలిష్ పెట్టండి, రివాల్వర్‌కు వద్దు

ఆ అబ్బాయి ఫోన్‌లో ఫోటో చూపించాడు. ఉతికిన తువ్వాలు మీద ఓ రివాల్వర్. గొట్టం పొడవునా తీగలు, ఆకులు చెక్కి ఉన్నాయి. పిడి మీగడ రంగులో ఉంది. "బాపు బీరువల దొరికింది సారూ. నగలన్నీ రాసిన్రు గదా, గిది ఎంతైతదో గూడ రాయుండ్రి. సాయంత్రం పట్టుకొస్త."

పట్టుకురావద్దన్నాను. కదిలించవద్దు, తుడవొద్దు, ఎవరికీ ఆ ఫోటో పంపొద్దు అని కూడా అన్నాను. ముందు లైసెన్స్ బుక్కు ఎక్కడుందో వెతకమన్నాను. అబ్బాయి ముఖం చిన్నబోయింది. ధర చెప్పమంటే కాగితం అడుగుతాడేమిటని అనుకుని ఉంటాడు.

ఆర్మూర్‌లో వకీళ్ల దగ్గర పంపకాల జాబితాలు రాసే గుమాస్తాలకు, బ్యాంకుల్లో బంగారం చూసే అప్రైజర్లకు, కంసాలులకు, పాత సామాను కొనేవాళ్లకు నాలుగైదేళ్లకోసారైనా ఇలాంటి వస్తువు తగులుతుంది. గడీ కుటుంబం కావచ్చు, పాత పటేల్ ఇల్లు కావచ్చు, ఫారెస్టు కాంట్రాక్టు చేసిన పెద్దాయన కావచ్చు. పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూసి క్వింటాల్ ధర చెప్పే ఊరు మనది. చేతిలోకి తీసుకుని చూడందే విలువ చెప్పలేం అనేది మనకు వెన్నతో పెట్టిన అలవాటు. ఈ ఒక్క వస్తువు దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది.

ఎందుకంటే లైసెన్స్ చనిపోయినాయన పేరున ఉంది. ఆయనతోపాటే ఆ హక్కూ పోయింది. తుపాకీ ఇల్లు, పొలం లాగా వారసులకు దానంతటదే చేతికి రాదు. విలువ మీద హక్కు వారసులదే, దగ్గర పెట్టుకునే హక్కు మాత్రం కాదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి ఠాణాలోగానీ, లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ దగ్గరగానీ డిపాజిట్ చేయాలి. లైసెన్స్ లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు. "రెండ్రోజులు మీ షాపులో ఉంచుకుని చూడండి" అని వాళ్లు బతిమాలినా, ఆ రెండ్రోజులూ అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. మీరు చూడదలిస్తే అది డిపాజిట్ అయిన చోటికే వెళ్లి, వాళ్ల మనిషి పట్టుకుని చూపిస్తుంటే చూడండి.

ఠాణాకు తీసుకెళ్లేది కూడా ఓ పద్ధతిలో జరగాలి. ముందు ఫోన్ చేసి విషయం చెప్పి, వాళ్లే వచ్చి తీసుకెళ్తారా, మనం తేవాలా అని అడగాలి. గుళ్లు ఉన్నాయో లేదో మనం తెరిచి చూడకూడదు. బీరువాలో పాత తూటాలు దొరికితే వాటినీ జాబితాలో చేర్చి అప్పగించాలి. బోరుబావిలోనో చెరువులోనో పడేస్తే లెక్క తేలని తూటాలకు జవాబు చెప్పుకోవాల్సింది వారసులే. రసీదులో తయారీదారు పేరు, బోరు, సీరియల్ నంబరు, నగిషీ ఉన్న సంగతి, పిడి దేనితో చేశారో, గీతలు ఎక్కడున్నాయో అన్నీ రాయించండి. "ఒక పాత రివాల్వర్" అని రాసిన రసీదు, "ఒక పసుపు బస్తా" అని తూకం లేకుండా రాసిన చీటీ, రెండూ ఒకటే. గడువు ఎప్పటిదాకా అన్నది కూడా అప్పుడే అడగండి. ఆ గడువులోపల వెనక్కి తీసుకోకపోయినా, అమ్ముకోకపోయినా ప్రభుత్వానికి జప్తు అవుతుంది. ఈ వ్యవహారాల్లో అధికారి ఎవరంటే, నిజామాబాద్‌కు 2016 నుంచి పోలీస్ కమిషనరేట్ ఉంది. చట్టంలో జిల్లా మేజిస్ట్రేట్ అన్న చోట కమిషనరేట్ ప్రాంతాల్లో కమిషనర్ అని చదువుకోవాలి.

ఇక్కడ ప్రతిసారీ ఇంట్లో ఒక మేనమామ లేస్తాడు. "అది యాంటిక్కు, యాంటిక్కుకు లైసెన్స్ అక్కర్లేదు" అంటాడు. ఆయన మాటలో సగం నిజం. 45వ సెక్షన్ పాతకాలపు, పురాతన విలువ గల, లేదా చెడిపోయిన ఆయుధాలను మినహాయిస్తుంది, నిజమే. కానీ దానికో షరతు ఉంది. మరమ్మతు చేసినా, చేయకపోయినా పేలడానికి పనికిరానిదై ఉండాలి. వందేళ్ల వయసున్నా, మీట నొక్కితే పేలేదైతే అది ఆయుధమే. పేలుతుందో లేదో మీరో మేనమామో తేల్చలేరు. ఆ మినహాయింపు మీద ధర వేసి జాబితా రాస్తే మీ సంతకానికే ముప్పు.

వారసుల్లో ఒకరు ఉంచుకుంటామంటే దారి ఉంది. 2016 ఆయుధాల నియమాలు వారసత్వ లైసెన్స్‌కు వీలిచ్చాయి. దరఖాస్తు, పోలీసు విచారణ, మిగతా వారసుల అంగీకారం, ఆయుధం జాగ్రత్తగా వాడే శిక్షణ, ఇవన్నీ కావాలి. 2019 డిసెంబర్ సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. వారసత్వం పేరు చెప్పినా ఆ రెండు దాటడానికి వీల్లేదు. అన్నకు ఇప్పటికే రెండుంటే ఈ మూడోది అతని పేరున రాయడం దండగ. దుబాయ్‌లో ఉన్న తమ్ముడు, కరీంనగర్‌లో ఉన్న అక్క, ఇద్దరి అంగీకారమూ రాతలో ఉండాలి. మా దగ్గర చాలా తగాదాలు పొలం మీద కాక ఇలాంటి చిన్న వస్తువు మీదే రేగుతాయి. అక్కచెల్లెళ్లను "తుపాకీ ఆడపిల్లలకెందుకు" అని పక్కనపెట్టిన చోట మరీనూ.

సరే, వస్తువు డీలర్ అల్మారాలో ఉంది, మీ ముందు బల్ల మీద పెట్టారు. ఇప్పుడు కళ్లకు పని చెప్పండి.

మొదట నంబరు. ఫ్రేమ్ మీద, సిలిండర్ మీద, గొట్టం మీద నంబర్లు కలవాలి. కలవకపోతే ఏదో ముక్క మారింది. లైసెన్స్ బుక్కులో ఉన్న నంబరుతోనూ కలవాలి. అక్కడ తేడా ఉంటే ధర మాట ఎత్తకుండా వకీలు దగ్గరికి నడవండి. తర్వాత బోరు. సైన్యం, పోలీసులు వాడే తూటాలు పట్టే కొన్ని బోర్లు మనదేశంలో నిషిద్ధ కోవలో ఉన్నాయి. బ్రిటిష్ సైన్యం వాడిన .455 వెబ్లీ వాటిలోదే. అలాంటిదైతే కొనగలవాడు దొరకడమే గగనం. .32 అయితే కొనేవాళ్లు ఉంటారు.

మూడోది పరీక్ష ముద్ర. ఇంగ్లండులో తుపాకీని అమ్మే ముందు ప్రూఫ్ హౌస్‌లో పేల్చి చూసి ముద్ర వేసేవాళ్లు, ఇప్పటికీ వేస్తారు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఉంది. ఆ చిన్న కిరీటం ముద్ర అంచులు పదునుగా కనిపించాలి. ముద్రలు అరిగి, లోహం మాత్రం కొత్త పెళ్లికూతురులా మెరుస్తుంటే, ఎవరో పూతంతా గీకించి మళ్లీ వేయించారని అర్థం. పేరును చూసి మురిసిపోవద్దు. వెబ్లీ అండ్ స్కాట్ అనే పేరు 1897లో పుట్టింది, కాబట్టి "మా ముత్తాత 1880లో కొన్నాడు" అన్న కథ ఆ పేరుతో పొసగదు. పైగా 2020 నుంచి ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలోనే .32 వెబ్లీలు తయారవుతున్నాయి.

ఇప్పుడు నగిషీ. భూతద్దం పెట్టి తీగ మలుపు దగ్గర చూడండి. చేతి ఉలితో చెక్కిన గీత లావు సన్నాలు మారుతూ పోతుంది. పూతకు ముందు చెక్కితే నీలిపూత ఆ గీత లోపలికీ దిగి ఉంటుంది. పూత అయ్యాక ఎవరో చెక్కితే గీత అడుగున తెల్లటి లోహం బయటపడుతుంది. ఇంకో గుర్తు, చెక్కుడు ప్రూఫ్ ముద్రను తప్పించుకుని పోయిందా, ముద్ర మీదుగా పోయిందా అన్నది. మీదుగా పోతే అది ఫ్యాక్టరీ దాటాక జరిగిన పని అయ్యుండొచ్చు. బంగారు తీగ కనిపిస్తే అది కోఫ్త్‌గరీనా, ఉత్త పూతా అని చూడండి. కోఫ్త్‌గరీలో ఉక్కు మీద సన్నటి గళ్లు గీరి, బంగారు తీగను సుత్తితో కొట్టి పట్టిస్తారు. తీగ ఊడిన చోట ఆ గళ్లు బయటపడతాయి. పాత పనితనం కంటికి అలవాటు కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదిలో ఓ పూట గడపండి. టికెట్ ధరకు అంతకన్నా మంచి శిక్షణ దొరకదు.

పాలిష్ మాట చెప్పాలి, నా మనసుకు బాగా తగిలిన విషయం ఇదే. మన రైతు పసుపు ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పుతాడు. పొట్టు రాలి కొమ్ము మెరిస్తే ధర పెరుగుతుంది. అదే చేత్తో ఇంట్లో వాళ్లు రివాల్వర్‌కు బ్రాసో పెట్టి రుద్దుతారు. ఓ ఇంట్లో పెద్దకోడలు శ్రద్ధగా మూడు రోజులు రుద్దింది. గొట్టం మీద ఆకుల ఈనెలు మాయమై, ఆకులు మాత్రం మిగిలాయి. డీలర్ చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. చింతపండు వద్దు, తుప్పు మందు వద్దు, మరచీల జోలికి అసలే వద్దు.

మీగడ రంగు పిడి చూస్తే ఆగండి. అది ఏనుగు దంతమైతే అమ్మడానికి లేదు. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం దంతం వ్యాపారాన్ని నిషేధించింది, మొదట మన ఏనుగుది, 1991 సవరణతో ఆఫ్రికా ఏనుగుదీ. దంతం కోసిన అంచున ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నటి వంపు గీతలుంటాయి. ఎముకలో నల్లటి చుక్కలు, చిన్న గాట్లు కనిపిస్తాయి. ముత్యపుచిప్ప వెలుతురులో రంగులు మారుస్తుంది. అనుమానం ఉంటే "దంతంలా ఉంది, తేల్చాలి" అని రాయండి. విలువ గడిలో అంకె వేయకండి.

ధర విషయానికి వస్తే ఒక చేదు నిజం. మనదేశంలో పాత విదేశీ రివాల్వర్ ధరలో సింహభాగం నగిషీది కాదు. 1980ల నుంచి మామూలు లైసెన్స్‌దారుకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. సరుకు రాదు, ఉన్నదే చేతులు మారుతుంది, అందుకే ధర. కొనేవాడు మొదట అడిగేది బోరు, తర్వాత మెకానిజం బిగువు, ఆ తర్వాత కాగితాలు. చెక్కుడుకు అదనంగా ఇచ్చేవాడు నూటికొకడు. అమెరికాలో లెక్క వేరు. అయినా అక్కడ కూడా నగిషీని మించినది చరిత్రే. బందిపోటు బిల్లీ ద కిడ్‌ను 1881లో కాల్చిన షెరీఫ్ ప్యాట్ గారెట్ కోల్ట్ రివాల్వర్ 2021 ఆగస్టులో బోనమ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. అది సాదా కోల్ట్, దాని విలువంతా అది ఎవరి చేతిలో ఉందో నిరూపించే కాగితాల్లో ఉంది.

కాబట్టి కాగితాలు వెతకండి. మన వైపు ఇళ్లల్లో నిజాం కాలపు ఉర్దూ కాగితాలు ట్రంకు అడుగున ఉంటాయి. తేదీ ఫసలీ సంవత్సరంలో ఉంటే సుమారు 590 కలపండి. 1350 ఫసలీ అంటే 1940-41. పాత లైసెన్స్, కలకత్తా దుకాణం రసీదు, పెద్దాయన రివాల్వర్‌తో దిగిన ఫోటో, తోలు ఒర, చెక్కపెట్టె, అన్నీ విలువలో భాగమే. డల్లాస్‌లో ఉన్న బావమరిది "ఇటు పంపండి, వేలంలో పెడతా" అంటే కుదరదని చెప్పండి. వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నిషిద్ధం. వందేళ్లు దాటనిదానికి ఆయుధాల చట్టం అడ్డొస్తుంది.

అమ్మకం సాధారణంగా రెండు దారుల్లో జరుగుతుంది. డిపాజిట్‌లో ఉన్నదాన్ని వారసులు లైసెన్స్ ఉన్న డీలర్‌కో, లైసెన్స్ ఉన్న వ్యక్తికో అమ్మించి డబ్బు తీసుకోవచ్చు, చట్టమే ఆ హక్కు ఇచ్చింది. లేదా వారసుడు తన పేరున లైసెన్స్ తెచ్చుకున్నాక సొంతంగా అమ్మొచ్చు. అప్పుడు కొనేవాడి పేరు, చిరునామాతో అధికారికి రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర రాతలో ధర అడగండి. మొదటివాడి అంకె నేల మీద ఉంటుంది, అది వాడి వ్యాపారం. మీరు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టి "కొనేవాళ్లు ఉన్నారా" అనకండి. లైసెన్స్ లేనివాడు అమ్మకానికి పెట్టడమూ 5వ సెక్షన్ కిందకే వస్తుంది. అమ్మకంలో కమీషన్ వద్దు. జాబితా రాసినందుకు, వెళ్లివచ్చినందుకు ఇంతని ముందే మాట్లాడుకుని, రసీదు ఇచ్చి ఫీజు తీసుకోండి.

ఆ అబ్బాయి మర్నాడు మళ్లీ వచ్చాడు. బుక్కు దొరికింది, పూజగదిలో పసుపు డబ్బా కింద. అట్టకు పసుపు అంటుకుంది కానీ లోపలి నంబరు చదవడానికి వీలుగానే ఉంది. ఠాణాకు ఫోన్ చేయించి, వాళ్లు చెప్పినట్టు రివాల్వర్ అప్పగించి రసీదు తెచ్చుకున్నారు. పిడి ఎముకే అని తర్వాత డీలర్ దగ్గర తేలింది. ఒర ఇస్తే ఇంకాస్త ధర వస్తుందని నేనూ చెప్పాను, డీలరూ చెప్పాడు. తల్లి వినలేదు. దానికి లైసెన్స్ అక్కర్లేదు గదా అని, మడిచి బీరువాలో బాపు ధోవతుల మధ్య పెట్టింది.