లంకెబిందెలోని నాణెములు ఎచ్చట నుండవలెను?

చెఱువు పూడిక తీయునప్పుడో, ఇంటికి పునాదులు త్రవ్వునప్పుడో, తొలకరికి నాగలి సాగునప్పుడో మట్టిలోనుండి చిన్న ముంత యొకటి బయటపడుట మన గ్రామములందు వినని సంగతి కాదు. ముంతలో చిలుము పట్టిన బిళ్లలు కనబడగానే "లంకెబిందెలు దొరికినవి" అను వార్త సాయంకాలమునకు నాలుగు ఊళ్లు దాటును. మఱునాటి ఉదయమునకు ఆ బిళ్లలలో కొన్ని కంసాలి కుంపటికిని, కొన్ని పట్టణమునుండి వచ్చిన బేరగాని సంచిలోనికిని చేరుచుండును. పంచాయతీవారికి కబురు తెలియునప్పటికి ముంత పెంకులు మాత్రమే మిగులును.

ఇట్టి ప్రాచీన నాణెములు ప్రభుత్వ మ్యూజియములో నుండవలెనా, లేక వానిని ప్రీతితో సేకరించువారి యొద్ద నుండవచ్చునా అను చర్చ చాలకాలముగా జరుగుచున్నది. ఇది పండితుల తగవని మనకు తోచవచ్చును. కాని దీనికి మొట్టమొదటి తీర్పు చెప్పువారు నాణెము దొరికిన ఊరి పెద్దలే. వారు ఆ మొదటి రెండు దినములలో చేసిన పనిని బట్టియే తక్కిన దంతయు నడచును.

నేటి రాజస్థానములోని బయానా సమీపమున జరిగిన ఉదంతము నిందుకు దృష్టాంతముగా చెప్పవచ్చును. 1946 ఫిబ్రవరిలో భరతపూరు మహారాజు ఆ ప్రాంతమునకు వేటకు వెళ్లెను. వేట ముగిసిన పిమ్మట ఖాళీ తూటాలను ఏరుకొనబోయిన పల్లెపిల్లలకు పొలములో రాగిపాత్ర యొకటి చిక్కినది. దానినిండ గుప్త చక్రవర్తుల బంగారు నాణెములు, సుమారు 2,100. ఊరివారు పంచుకొనిరి. సంస్థానపు ఖజానాకు చేరినవి 1,821. కొన్ని వందల నాణెములను అప్పటికే కరిగించివేసిరి. ఆచార్య అల్తేకర్ పరిశీలించి 1954లో వీని పట్టికను ప్రకటించెను. అంతకుముందెన్నడు నెవరును చూడని "చక్రవిక్రమ" అను రకపు రెండవ చంద్రగుప్తుని నాణెము అందు ఒక్కటియే యున్నది. కరగిపోయిన వానిలో అట్టివి యెన్ని యుండెనో! వానివలన వచ్చిన బంగారమునకు మాత్రము అంగడి ధరయే దక్కినది.

నిక్షేపములోని నాణెములు విడివిడిగా చెప్పని సంగతిని కలిసి చెప్పును. 1906లో నాసిక్ జిల్లా జోగళ్‌థెంబీ గ్రామమున 13,000కు మించిన వెండి నాణెములు దొరికినవి. అన్నియు క్షహరాత వంశపు రాజైన నహపానునివి. వానిలో 9,000కు పైబడిన వానిపై మన శాతవాహన ప్రభువు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించెను. ఓడిన రాజు నాణెమును గెలిచిన రాజు తన పేర చెలామణి చేయించిన వైన మిది. ఆ రాశియే కొద్దికొద్దిగా పలు పట్టణములకు అమ్ముడుపోయి యుండినచో కొన్నవారి కందరికిని చక్కని వెండి నాణెములు దక్కియుండెడివి. కాని నూటికి డెబ్బదింటిపై రెండవ ముద్ర గలదను మాట మాత్రము ఎవరికిని తెలియకపోయెడిది. 1939లో నేటి మహారాష్ట్రలోని తర్హాళాలో దొరికిన నిక్షేపము వలననే పురాణములు పేర్కొనని కొందఱు శాతవాహన రాజుల పేర్లు బయటికి వచ్చినవి.

మన నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో రోము సామ్రాజ్యపు వెండి నాణెములు పెద్ద రాశిగా లభించినవి. అవి ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తుల కాలమునాటివి. రెండువేల యేండ్లనాడు సముద్రము దాటివచ్చిన ధనము తీరమునకు దూరమైన తెలంగాణా పల్లెలో ఎట్లు పాతబడెను? ఏటేట ఐదుకోట్ల సెస్టర్సుల ధనము భారతదేశమునకు తరలిపోవుచున్నదని ఆ శతాబ్దముననే ప్లినీ అను రోమను రచయిత వాపోయెను. ఆ మాటకు సాక్ష్యము మన పొలములలోనే కలదన్నమాట. 1965లో పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లోని రోమను నాణెములపై గ్రంథమును వ్రాయగలుగుటకు, ఇట్టి నాణెములు చెదరిపోక ప్రభుత్వ మ్యూజియమునకు చేరుటయే కారణము.

ఇంతవఱకు చదివినవారు సేకరణకర్తలందరును దోషులని తలంపరాదు. అట్లనుట అన్యాయము. కరీంనగరు ప్రాంతమున గోదావరి యొడ్డునగల కోటిలింగాలలో వర్షములకు మట్టి కొట్టుకొనిపోయి నాణెములు తేలుచుండెడివి. ధర్మపురి ప్రాంతమువాడగు చరిత్రాభిమాని యొకరు వానిని ఓపికతో ఏరి భద్రపఱచిరి. శాసన పండితులు డాక్టరు పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని పరిశీలించి ప్రకటించిరి. గోభద, సమగోప మున్నగు పాలకుల పేర్లును, శాతవాహన వంశమునకు మూలపురుషుడుగా చెప్పబడు ఛిముకుని పేరును వానిపై చదువబడినవి. పిమ్మటనే పురావస్తు శాఖ అచ్చట త్రవ్వకములు సాగించినది. ఆ అభిమాని ఏరియుండకున్న సీసపు బిళ్లలను ఎవరు లెక్కచేసెడివారు? మ్యూజియముల నిర్మాణమునకు ముందును ఇదియే కథ. అమరావతి శిల్పములను 1845లో త్రవ్వించిన వాల్టర్ ఇలియట్ దొర దక్షిణదేశపు నాణెములనుకూడ సేకరించెను. అవి తుదకు లండనుకు చేరినవి. బ్రిటిషు మ్యూజియములోని ఆంధ్ర రాజుల నాణెముల పట్టికను 1908లో రాప్సన్ ప్రకటించెను. మన రాజుల నాణెములను గుఱించి తెలిసికొనుటకు మనవారు ఆ లండను పట్టికను తిరుగవేయవలసివచ్చెను.

వ్యక్తుల చేతిలోని వస్తువునకు మఱియొక గతియు కలదు. 1613లో జహంగీరు ఆగ్రాలో ముద్రింపించిన వేయి మొహరుల బంగారు నాణెము బరువు దాదాపు 12 కిలోలు. అది నైజాము వంశీయుల చేతికి వచ్చి, 1987లో జెనీవాలో వేలమునకు పెట్టబడినది. భారత ప్రభుత్వము విచారణ జరిపించినను అది స్వదేశమునకు రాలేదు. హైదరాబాదు పాఠశాలల పిల్లలు దాని చిత్రమునైనను చూచి యెఱుగరు.

అట్లని మ్యూజియమున చేర్చినంతనే పని ముగిసినదనుట సరికాదు. పట్టిక లేక, ప్రదర్శనకు రాక, ఇనుపపెట్టెలో ఏండ్ల తరబడి పడియున్న నాణెమునకును మట్టిలోని నాణెమునకును భేదమెంత? ఈ ఆక్షేపణలో సత్యము కలదని మేము అంగీకరింతుము. అయినను పెట్టెలోనిది రేపు తీసి చదువవచ్చును, కరగినది చదువలేము. మా అభిప్రాయ మిది: ఒకచోట రాశిగా దొరికినది రాశిగానే మ్యూజియమునకు పోవలెను. ఇంట తాతలనాడు సంక్రమించిన వరహాలు, అమ్మమ్మ కాసులపేరులోని కాసులు, న్యాయముగా కొన్న విడి నాణెములు వారి వారి యొద్ద నుండుటలో తప్పులేదు. చూపుమని పండితులు కోరినప్పుడు చూపిన చాలును.

శాసనముకూడ ఇంచుమించు ఈ మార్గమునే అనుసరించుచున్నది. 1878 నాటి భారత నిక్షేప చట్టము ప్రకారము నేలలో దాగియున్న సొత్తు పది రూపాయల విలువకు మించినచో, దొరికినవాడు వీలైనంత త్వరలో కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలిపి, సొత్తును ప్రభుత్వ ఖజానాలో ఉంచవలెను; లేదా జామీను చూపవలెను. హక్కుదారులెవ్వరును తేలనిచో, వేరు ఒప్పందము లేనప్పుడు, దొరికినవానికి మూడు పాళ్లు, భూస్వామికి ఒక పాలు చెందును. ప్రభుత్వము కావలెనన్నచో లోహపు విలువకు అందులో ఐదవ వంతు చేర్చి యిచ్చి తీసికొనును. దాచినవానికి వాటా పోవును. ఏడాదివఱకు జైలుగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. 1972 నాటి పురావస్తువుల చట్టము నూఱేండ్లకు మించిన నాణెమును సొంతముగా ఉంచుకొనుటను నిషేధింపలేదు. కాని దానిని వ్యక్తులు దేశము వెలుపలికి పంపరాదు. అనుమతిపత్రము లేక పురావస్తువుల వ్యాపారము చేయరాదు.

ఇందొక చిక్కు కలదు. బంగారమునకు ఈ లెక్క కొంత సరిపడును. శాతవాహనుల సీసపు నాణెమునకు లోహపు విలువ కట్టినచో చేతికి వచ్చునది చిల్లర పైసలు. బేరగాడు అంతకు ఎన్నో రెట్లు చూపును. ఇంగ్లండులో 1996 నాటి చట్టము అంగడి విలువనే లెక్కించి దొరికినవానికిని భూస్వామికిని బహుమానము ఇప్పించుచున్నది. మన చట్టమునందలి ఈ లోటు తీరువఱకు, దాచిపెట్టు కూలివానిని దొంగయని గద్దించుటకంటె, అతని వాటా అతనికి చేరునట్లు పంచాయతీ వెంటబడి చూచుటయే ఫలితమిచ్చును. నిరక్షరాస్యుడైన కూలివాడు కలెక్టరుకు అర్జీ వ్రాయలేడు. పంచాయతీ కార్యదర్శి వ్రాసిపెట్టవలెను.

అర్జీలో దొరికిన తేది, సర్వే నంబరు, ఎంత లోతున, ఎవరికి, ఏ పని చేయుచుండగా దొరికినది తప్పక వ్రాయవలెను. నలుగురి యెదుట లెక్కించి, తూచి, సంతకములు తీసికొని, తహసీల్దారునకు అప్పగించినప్పుడు రసీదు పొందవలెను. ముంత పగిలినను పెంకులను పారవేయరాదు. పాత్ర తీరును బట్టి కాలమును గుర్తింతురు. మన ఇల్లాండ్రు రాగిచెంబును తోమినట్లు చింతపండుతో నాణెములను తోముట మఱియు నష్టము. చిలుముతోపాటు అక్షరములును పోవును. మట్టితోనే గుడ్డలో మూటగట్టి పంపవలెను.

నిక్షేపమును అది దొరికిన గ్రామము పేరుతోనే చరిత్రకారులు వ్యవహరింతురు. కావున అర్జీలో ఊరి పేరును తెలుగునను ఇంగ్లీషునను స్పష్టముగా వ్రాయించి, నాణెముల ఛాయాచిత్రముల ప్రతిని పంచాయతీ కార్యాలయమునకును గ్రామ పాఠశాలకును పంపవలసినదిగా పురావస్తు శాఖవారిని అందులోనే కోరవచ్చును.