యాభయ్యో పాఠం దాటాక

సొంతంగా జపనీస్ మొదలుపెట్టినవాళ్లకు తొలి రోజులు పండగలా గడుస్తాయి. హిరగానా, కతకానా లిపులు చేతికొస్తాయి. ‘మిన్నా నొ నిహొంగొ’ ప్రాథమిక భాగాలు రెండింటిలోని 50 పాఠాలూ ఒక్కొక్కటే పూర్తవుతాయి. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్5, ఎన్4 స్థాయిలు గట్టెక్కుతాయి. అసలు కష్టం ఆ తరువాతే. వార్త చదవబోతే వాక్యానికి నాలుగు కంజీ అక్షరాలు అడ్డం పడతాయి. సినిమాలో మాట అర్థమయ్యేసరికి సన్నివేశం మారిపోతుంది. ఎంత చదివినా నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. నాకిక భాషలు రావేమో అన్న దిగులు పట్టుకునేది ఇక్కడే.

ఆ దిగులు అక్కర్లేదు. 2010కి ముందు జేఎల్‌పీటీలో నాలుగే స్థాయిలుండేవి. మూడో స్థాయికీ రెండో స్థాయికీ మధ్య ఎడం మరీ ఎక్కువైందనే ఆ ఏడాది ఎన్3ని కొత్తగా చేర్చారు. పరీక్ష పెట్టేవాళ్లే ఒప్పుకున్న ఎడం అది. అక్కడ ఆగినంత మాత్రాన మీ బుర్రలో లోపం ఉన్నట్టు కాదు. నిత్యవ్యవహారానికి నిర్ణయించిన కంజీలు 2,136. వాటిలో 1,026 నేర్చుకోవడానికి జపాన్ పిల్లలకే ప్రాథమిక బడిలో ఆరేళ్లు పడుతుంది.

ఈ దశలో మనసు కొత్త పుస్తకం మీదికి పోతుంది. ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ తిరగడం నాకెంతో ఇష్టం. జపనీస్ పుస్తకం దొరకడం అరుదే. దొరికినా, ఇంకో వ్యాకరణం మాత్రం కొనకండి. అందులో మొదటి పది పాఠాలు మీకు వచ్చినవే కాబట్టి చదువుతుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయే మనిషిని ఉన్నచోట కూర్చోబెడుతుంది. పిల్లల కథల పుస్తకమో మాంగానో తీసుకోండి. అది చివరిదాకా అయ్యేవరకు మరొకటి ఇంటికి తేవద్దు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. మనం జపనీస్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటున్నాం. పుస్తకాలు అలా ఉన్నాయి, ఏం చేస్తాం! కానీ మధ్య స్థాయికి వచ్చాక ఆ చుట్టుదారి వదిలేయాలి. ‘కినో కత్త హొన్’ అంటే ‘నిన్న కొన్న పుస్తకం’. ముక్కకు ముక్క, అదే వరుస. ‘తబెతె మిరు’ అంటే తిని చూడటం. ‘కైతె ఒకు’ అంటే రాసి పెట్టడం. అక్కడ ‘మిరు’ అంటే చూడటమే, ‘ఒకు’ అంటే పెట్టడమే. ‘కురు తొ ఇత్త’లోని ‘తొ’ చేసే పని ‘వస్తానని అన్నాడు’లో మన ‘అని’ చేస్తుంది. ఇంగ్లిష్ పుస్తకం రెండేసి పేజీలు వివరించేదాన్ని మన నాలుక చిన్నప్పటి నుంచీ వాడుతోంది. ‘వ’, ‘గ’ ప్రత్యయాల మధ్య ఉన్న తేడా దగ్గర మాత్రం తెలుగు పూర్తిగా సాయపడదు, దానికి వాక్యాలు చదివి చదివి అలవాటుపడటమే దారి.

సొంత భాష బలం ఎంతటిదో ఈ నగరం నుంచే ఒకాయన జపాన్ వెళ్లి చూశాడు. నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న రాస్ మసూద్ 1922లో అక్కడి చదువుల తీరు పరిశీలించి, మరుసటి ఏడాది ఒక గ్రంథం ప్రచురించాడు. పాశ్చాత్య శాస్త్రాలను జపాన్‌వాళ్లు తమ భాషలోనే నేర్చుకోవడం ఆయన్ను కట్టిపడేసింది. అప్పటికే ఇక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పాఠాలు చెబుతోంది. ఆ ఉర్దూ తెలుగు పిల్లలకు అమ్మభాష కాకపోవడం మరో చరిత్ర. అయినా ఆయన చూసివచ్చిన సంగతి ఇప్పటికీ మనకు పనికొస్తుంది.

ఇక చెవి. ఒంటరిగా చదివేవాళ్లు కంటికి ఇచ్చినంత పని చెవికి ఇవ్వరు. ఎన్3లో 180కి 95 వస్తే చాలు. కానీ వినికిడితో సహా మూడు విభాగాల్లో ఏ ఒక్కదానిలోనైనా 60కి 19 రాకపోతే మొత్తం పోయినట్టే. మెట్రోలో అమీర్‌పేట నుంచి నాంపల్లి దాకా ఒకే చిన్న సంభాషణను మళ్లీ మళ్లీ వినండి. నాంపల్లిలో దిగి పబ్లిక్ గార్డెన్స్‌లో నడుస్తూ దాన్నే పైకి అనండి, వినబడుతున్న గొంతు వెనకాలే. హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ మనకు కొత్త కావు. ‘కితె’కీ ‘కిత్తె’కీ తేడా తెలుగు చెవి ఇట్టే పట్టేస్తుంది.

మాట్లాడటాన్నీ సొంతంగా రాయడాన్నీ జేఎల్‌పీటీ పరీక్షించదు. అందుకే అవి మన చేతుల్లో ఉన్న పని. రోజూ ఆ రోజు జరిగినదాన్ని మూడు వాక్యాల్లో జపనీస్‌లో రాయండి. వారానికోసారి, మొహమాటపడకుండా దిద్దే మనిషికి చూపించండి. దిద్దిన వాక్యాన్ని మర్నాడు చూడకుండా మళ్లీ రాయండి.