చేతిలో ఫోను – ఆరోగ్యానికి మేలా, కీడా?

ఈ రోజుల్లో పెద్దవారి చేతిలో కూడా ఫోను ఉంటోంది. 2016 తరువాత ఇంటర్నెట్ ఖర్చు బాగా తగ్గడంతో పల్లెల్లో కూడా వాట్సాప్, యూట్యూబ్ చూడడం అలవాటైంది. దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడడానికి, కరెంటు బిల్లు కట్టడానికి ఫోను ఎంతో ఉపయోగం. అయితే జబ్బు చేసినప్పుడు అదే ఫోను ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. మేలు ఎక్కడో, కీడు ఎక్కడో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నమ్మకూడని మూడు సందేశాలు

1. "గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి." ఈ మాట ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. గుండెపోటులో గుండెకు రక్తం అందించే నాళం మూసుకుపోతుంది. దగ్గితే అది తెరుచుకోదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి.

2. "పక్షవాతం వస్తే వేళ్ల చివర సూదితో గుచ్చి రక్తం తీయండి." ఇది చాలా ప్రమాదకరం. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం పక్షవాతం గుర్తులు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దానిని కరిగించే ఇంజెక్షన్‌ను గుర్తులు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అంతకుముందు సి.టి. స్కాన్ కూడా తీయాలి. సూది కోసం వెతికిన ప్రతి నిమిషం ఆ సమయంలో నుంచే పోతుంది. గుర్తులు మొదలైన సమయం రాసి పెట్టుకొని, స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.

3. "ఈ కషాయం తాగితే షుగరు, బి.పి. మాత్రలు అక్కరలేదు." బి.పి. పెరిగినా చాలామందికి ఏ బాధా తెలియదు. అందుకే మాత్ర మానేసినా బాగానే ఉన్నామనుకుంటారు. లోపల గుండె, మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. ఇన్సులిన్ మీద ఆధారపడిన వారు దానిని మానేస్తే కొద్ది రోజుల్లోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. వైద్యుని అడగకుండా ఏ మందూ మానవద్దు.

ఫోనుతో చేయదగిన మంచి పనులు

• 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ ఉచితం. ఊరి పేరు, దగ్గరి గుర్తు స్పష్టంగా చెప్పడం ఇంట్లో అందరికీ నేర్పండి.
• మందుల చీటీని, వాడుతున్న మందుల అట్టలను ఫోటో తీసి ఉంచుకోండి. కొత్త వైద్యునికి అది చాలా సహాయం.
• మాత్రల వేళకు అలారం పెట్టుకోండి.
• చిన్న జబ్బులకు ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఇంటి నుంచే వైద్యుని సలహా ఉచితంగా పొందవచ్చు. అత్యవసర పరిస్థితికి ఇది సరిపోదు.
• మనసు కుంగినప్పుడు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి-మానస్ సేవ పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇతరులకు పంపే ముందు

వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే ఆ సందేశం ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. అది నిజమని అర్థం కాదు. పెద్ద డాక్టరు పేరు కింద ఉన్నా, "పదిమందికి పంపండి" అని ఉన్నా, మీకు తెలిసిన వైద్యుణ్ణో నర్సునో అడిగే వరకు పంపకండి. మీరు పంపితే మీ మీద నమ్మకంతో మీ అక్కో, పక్కింటివారో దానిని ఆచరిస్తారు.

మేము చెప్పేది ఒక్కటే. మిమ్మల్ని వైద్యానికి త్వరగా చేర్చే పనికి ఫోను వాడండి. ఆలస్యం చేసే పనికి వాడకండి.

మీరే జవాబు చెప్పండి

1. పక్షవాతం గుర్తులు మూడు ఏవి? సమయం ఎందుకు రాసి పెట్టుకోవాలి?
2. బాధ ఏమీ లేకపోయినా బి.పి. మాత్ర ఎందుకు మానకూడదు?
3. మీ ఇంట్లో 108కి ఫోను చేసి దారి చెప్పగలవారు ఎందరు?